మానిటర్ ఆరిపోతుంటే మట్టికి నీళ్లు పోశాం

విజయవాడ నెహ్రూ బస్టాండ్‌లో తిరువూరు బస్సెక్కుతుంటే నా చేతిలో అట్టపెట్టె చూసి కండక్టర్ "టీవీనా?" అన్నాడు. "మానిటర్ అండీ" అన్నా. "రెండూ ఒకటేగా, పైన పెట్టేసి వెనక్కి జరుగు" అన్నాడు. పైన పెట్టే ధైర్యం నాకు లేదు. ఇరవై నాలుగు అంగుళాల తెరని ఒళ్లో పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించుకుని ఊరు చేరా.

ఆ దారి చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. గొల్లపూడి దాటాక ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర బస్సు హైదరాబాద్ రోడ్డుని వదిలేసి కుడివైపు తిరుగుతుంది. అక్కడ మొదలయ్యేది జాతీయ రహదారి 30. మనకి అక్కడ మొదలు గానీ, రికార్డుల్లో అది దాని చివర. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ నుంచి బయల్దేరి, జగ్దల్‌పూర్, భద్రాచలం, కొత్తగూడెం, మా తిరువూరు మీదుగా వచ్చి ఇబ్రహీంపట్నంలో ఆగుతుంది. రింగ్ దాటగానే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు, కూలింగ్ టవర్లు కనిపిస్తాయి. 1979లో మొదటి యూనిట్ మొదలైందక్కడ. చిన్నప్పుడు వాటిని చూసి మేఘాలు అక్కడే తయారవుతాయనుకునేవాణ్ని. ఆ తర్వాత తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసే కొండపల్లి, ఆపైన జి.కొండూరు, మైలవరం, ఎ.కొండూరు. మధ్యలో అన్నీ మామిడి తోటలే. ఏప్రిల్, మే నెలల్లో కిటికీ తెరిస్తే వడగాలితో పాటు పండిన రసాల వాసన కూడా కొడుతుంది.

తిరువూరుకి రైలు లేదు. బస్సే గతి. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే తెలంగాణ, అవతల పెనుబల్లి, సత్తుపల్లి. పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే రెండు రాష్ట్రాల యాసలూ ఒకే గ్లాసులో వినిపిస్తాయి. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా విడిపోయినప్పుడు మేం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం, తిరువూరు రెవెన్యూ డివిజన్ అయింది. ఇంట్లో అమ్మ మాత్రం ఇప్పటికీ అడ్రస్‌లో కృష్ణా జిల్లా అనే రాస్తుంది.

నేను మానిటర్ మోసుకుని రావడానికి కారణం నాన్న మోకాలి ఆపరేషన్. మూడు నెలలు మనిషి తోడు కావాలి. ఆఫీసులో అడిగితే, ఇంటి నుంచి చేసుకో, కానీ శుక్రవారం డెమోలు ఒక్కటి కూడా తప్పకూడదు అన్నారు. అప్పటికే మా టీమ్‌లో అందర్నీ ఆఫీసుకి రమ్మని పిలుస్తున్నారు. నాకిచ్చింది మినహాయింపు. మినహాయింపు మీద బతికేవాడికి చిన్న పొరపాటు జరిగినా పెద్దగా కనిపిస్తుంది.

మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం నుంచి మొదలైంది. పని చేస్తూ చేస్తూ ఉంటే తెర ఠక్కున నల్లబడుతుంది. రెండు మూడు సెకన్లు. మళ్లీ తనే వస్తుంది. ఆ రెండు సెకన్లలో అందులో తెరిచి పెట్టుకున్న కిటికీలన్నీ ల్యాప్‌టాప్ చిన్న తెర మీదకి ఎగిరొచ్చి కుప్పగా పడతాయి. శుక్రవారం డెమోలో నేను చూపిస్తున్నది ఆ పెద్ద తెరే. మధ్యలో రెండుసార్లు ఆరింది. షేరింగ్ తెగింది. అవతల నుంచి మేనేజర్ నెమ్మదిగా అన్నాడు: "మీ ఊళ్లో నెట్ సరిగ్గా లేనట్టుంది కదా?"

ఇది నాకు ఒళ్లు మండించే మాట. ఊరి నుంచి పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. హైదరాబాద్‌లో కాల్ తెగితే "నెట్‌వర్క్ ఇష్యూ", ఊళ్లో తెగితే "ఆ ఊళ్లో నెట్ లేదు". నెట్ బంగారంలా ఉంది. స్పీడ్ టెస్ట్ ఫొటో తీసి పెట్టా. ఎవరూ చూడలేదు.

సరే, మానిటర్ ఎందుకు ఆరుతుంది? మీలో సగం మందికి ఈ బాధ ఉండే ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త చెప్పుకుందాం. హెచ్‌డీఎంఐ ప్లగ్‌లో 19 పిన్నులుంటాయి. అందులో చివరిది, 19వది, హాట్ ప్లగ్ డిటెక్ట్. "నేనున్నా" అని మానిటర్ ల్యాప్‌టాప్‌కి చెప్పేది దాని మీదే. 15, 16 పిన్నుల మీదుగా మానిటర్ తన బయోడేటా పంపుతుంది. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ రిఫ్రెష్ రేట్ అని 128 బైట్ల చిన్న కాగితం. దాని పేరు ఈడీఐడీ. పెళ్లిళ్ల పేరయ్య తెచ్చే కాగితం లాంటిదే అనుకోండి. అది చదివాకే ల్యాప్‌టాప్ బొమ్మ పంపడం మొదలుపెడుతుంది. ఆ 19వ పిన్ను మీద వోల్టేజి ఒక్క క్షణం వణికినా, సంబంధం తెగిపోయిందనుకుని మొత్తం తంతు మొదటి నుంచి చేస్తుంది. మనకి కనిపించే ఆ రెండు సెకన్ల చీకటి అదే.

బొమ్మ సంగతి ఇంకా కష్టం. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర, 60 హెర్ట్జ్. దానికే కేబుల్‌లో సెకనుకి 445 కోట్ల బిట్లు పరిగెడతాయి. వాట్సాప్ మెసేజ్ అయితే దారిలో పోయినా ఫోన్ మళ్లీ పంపుతుంది. ఈ వీడియోకి మళ్లీ పంపడం అనేదే లేదు. పోయింది పోయినట్టే. కొంచెం పోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, ఎక్కువ పోతే మానిటర్ సిగ్నల్ అందుకోలేక చేతులెత్తేస్తుంది.

కాబట్టి అనుమానం ముందు కేబుల్ మీదకే పోవాలి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతా: ఒకసారికి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చి "హమ్మయ్య, బాగైంది" అనుకునేవాళ్లకి ఏది బాగు చేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక నోట్‌బుక్ తీసుకుని రాయడం మొదలుపెట్టా. టైమ్, ఆరిన సెకన్లు, అప్పుడు నేనేం చేస్తున్నా.

బోసుబొమ్మ సెంటర్‌కి వెళ్లి కేబుల్ అడిగా. షాపతను సెట్‌టాప్ బాక్స్‌కి వాడే సన్న తీగ చూపించాడు. ఇంకాస్త లావుది, పొట్టిది కావాలన్నా. "పొట్టిది ఎందుకు, ఇది మూడు మీటర్లు, అదే రేటు" అన్నాడు. బేరం ప్రకారం ఆయనదే కరెక్టు. కానీ కేబుల్ ఎంత పొడవైతే సిగ్నల్ అంత నీరసపడుతుంది. ఒకటిన్నర మీటర్ల లావు కేబుల్ వెతికి ఇచ్చాడు. దాన్ని పెట్టినా ఆరింది. 75 హెర్ట్జ్ నుంచి 60కి దించా. ఆరింది. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతది వేశా. ఆరింది. యూఎస్‌బీ-సి నుంచి వెళ్లే అడాప్టర్ తీసేసి నేరుగా హెచ్‌డీఎంఐ పోర్టుకే పెట్టా. కొంచెం తగ్గిందనిపించింది, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ మామూలే. పక్క వీధిలో బీటెక్ చదివే కుర్రాడి ల్యాప్‌టాప్ తెచ్చి పెడితే దానికీ ఆరింది. పాపం నా ల్యాప్‌టాప్‌ని తిట్టడం మానేశా.

అప్పుడు కుర్చీ సంగతి గుర్తొచ్చింది. నమ్మరు గానీ, గ్యాస్‌తో పైకీ కిందకీ కదిలే ఆఫీసు కుర్చీలో కూర్చున్నా, లేచినా కొన్నిసార్లు మానిటర్ ఆరిపోతుంది. డిస్‌ప్లేలింక్ సంస్థ తన సపోర్ట్ పేజీలోనే ఈ మాట రాసింది. కుర్చీ కడ్డీ దగ్గర పుట్టే స్థిర విద్యుత్తు చిన్న మెరుపులా విడుదలై రేడియో అలల్ని పుట్టిస్తుంది, సరిగ్గా కవచం లేని కేబుల్ దాన్ని యాంటెనాలా పట్టుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వా. ఇప్పుడు మాత్రం చక్రాల కుర్చీ పక్కన పెట్టేసి, వరండాలో ఉండే ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నా. నడుం పోయింది, తెర మాత్రం ఆరుతూనే ఉంది. కుర్చీ నిర్దోషి.

వారం తిరిగేసరికి నోట్‌బుక్ మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక్కసారి కూడా లేదు. పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా వరసగా ఉన్నాయి. అది కూడా ఒక లెక్క ప్రకారం, పన్నెండు, పదిహేను నిమిషాలకోసారి. ఏం చేస్తున్నానో రాసిన గడిలో ఎక్కువసార్లు "ఏమీ లేదు". నేను ఏమీ చేయకపోతే మరి ఎవరు చేస్తున్నారు?

జవాబు అమ్మ చెప్పింది. మంచినీళ్లిస్తూ, నా భుజం మీదుగా తెర నల్లబడటం చూసి, "ఫ్రిజ్ మొదలైంది కదా" అంది మామూలుగా.

ఆగా. వంటింట్లో నిజంగానే కంప్రెసర్ గుర్రుమంటోంది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న మనిషి చెవికి ఏ మోటారు ఎప్పుడు మొదలవుతుందో తెలుసు. నాకు హెడ్‌ఫోన్లు. ఎండ ఎక్కేకొద్దీ ఫ్రిజ్ ఎక్కువసార్లు ఆడుతుంది, కాబట్టి మధ్యాహ్నమే ఎక్కువ. "బోరు మోటారు వేసినప్పుడు చూడు, ఇంకా ఎక్కువ ఆరుద్ది" అంది. వేసి చూశాం. ఆరింది. మిక్సీకి కూడా.

ఆ వెనకే ఇంకో మాట అంది. "అయినా ఆ ఫ్రిజ్‌ది ఎప్పుడూ గోలేరా. తలుపు పట్టుకుంటే జివ్వుమంటుంది. అందుకే కింద రబ్బరు పట్టా వేశా, చెప్పులేసుకుని తీస్తా."

అంతవరకూ నేను వెతుకుతున్నది పాడైన మానిటర్‌ని. ఆ మాటతో వెతుకులాట దారి మారింది. అల్యూమినియం వాకర్ పట్టుకుని నాన్న రోజుకి పదిసార్లు ఆ ఫ్రిజ్ పక్క నుంచే బాత్‌రూమ్‌కి వెళ్తాడు. ఆయనకి డాక్టర్ చెప్పులు వద్దన్నాడు, జారతాయని.

ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేశా. మీరూ చేయొచ్చు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద నడుపుతూ మానిటర్ వాడండి. రెండు గంటలు అలా నడిపా. ఫ్రిజ్ ఆడింది, ఆగింది, మళ్లీ ఆడింది. తెర ఒక్కసారి కూడా ఆరలేదు. ఛార్జర్ పెట్టిన పది నిమిషాలకి ఆరింది. అంటే తప్పు తెరలో లేదు, కేబుల్‌లో లేదు. గోడలోంచి వస్తోంది.

మన ఛార్జర్ల లోపల ఏముంటుందంటే, కరెంటు లైన్‌లోని చెత్త శబ్దాన్ని వడగట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఆ చెత్తని త్రీపిన్‌లో పై పిన్ను గుండా ఎర్త్‌లోకి పంపేస్తాయి. ఆ పిన్నుకి భూమి అందకపోతే చెత్త ఎటూ పోలేదు. అది ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీదే తేలుతుంది. మెయిన్స్ వోల్టేజిలో దాదాపు సగం దాకా. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి ఏమీ కాదు, ముంజేయి ఆనిస్తే సన్నగా జివ్వుమంటుందంతే. మెటల్ బాడీ ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి ఆ స్పర్శ బాగా తెలుసు. ఆ ల్యాప్‌టాప్‌నీ, మానిటర్‌నీ కలిపేది హెచ్‌డీఎంఐ కేబుల్ పైన ఉండే లోహపు జాలీ. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైనప్పుడు లైన్‌లో ఒక కుదుపు వస్తుంది. భూమిలోకి దారి లేక ఆ కుదుపు జాలీ మీదుగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. పక్కనే ఆ సున్నితమైన 19వ పిన్ను. ఇక వణక్కుండా ఎలా ఉంటుంది?

మల్టీమీటర్ తెచ్చి ప్లగ్ పాయింట్‌లో చూశా. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 218 వోల్టులు. అది సరే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటో రెండో వోల్టులు ఉండాలి. 97 చూపించింది. ఇంకో గదిలో కూడా అంతే. అంటే ఇంట్లో ఎర్త్ తీగ ఉంది, అన్ని పాయింట్లనీ కలుపుతూ శుభ్రంగా తిరుగుతోంది, కానీ చివరికి భూమిని చేరట్లేదు.

ఇందులో అసలు భయం మానిటర్ గురించి కాదు. ఎర్త్ తీగ ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్, నా ల్యాప్‌టాప్ ఒళ్లన్నిటినీ ఒకే దారానికి కట్టేసింది. ఆ దారం భూమికి కట్టి ఉంటే, ఎక్కడైనా ఫేజ్ తగిలినప్పుడు కరెంటంతా మట్టిలోకి దూకి ఫ్యూజ్ కొట్టేస్తుంది. గాల్లో వేలాడుతుంటే మాత్రం, గీజర్‌లో ఒక తీగ ఊడి దాని ఒంటికి తగిలినా ఫ్రిజ్ తలుపు మీద 230 వోల్టులు నిలబడతాయి. ఫ్యూజ్ కొట్టదు. ఎవరో ఒకరు వచ్చి పట్టుకునేదాకా అలాగే ఉంటుంది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చాడు, ఒక కుర్రాణ్ని వెంటేసుకుని. ఈ వీధిలో ఇళ్లన్నిటికీ వైరింగ్ ఆయనదే. నేను మల్టీమీటర్ చూపించబోతే, "ఉండు అబ్బాయ్" అని జేబులోంచి టెస్టర్ తీసి ఫ్రిజ్ అంచుకి పెట్టాడు. ఎర్రగా వెలిగింది. వాషింగ్ మెషిన్‌కి పెట్టాడు. వెలిగింది. నా ల్యాప్‌టాప్ మూతకి పెట్టాడు. మసగ్గా వెలిగింది. "నీ ఆఫీసుకి కూడా వచ్చేసింది" అన్నాడు.

కుర్రాడు మాట కలిపాడు. "ఎందుకన్నా గుంత గోల, సాకెట్లో ఎర్త్‌ని న్యూట్రల్‌కి లూప్ ఇచ్చేద్దాం. ఐదు నిమిషాల పని, టెస్టర్ ఆరిపోద్ది."

బాబాయ్ గొంతు లేచింది. "స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడితే ఏంటి?" కుర్రాడు నేల చూశాడు. "ఇంట్లో ఫ్యాన్ స్విచ్ వేస్తే చాలు, ఫేజంతా ఫ్రిజ్ ఒంటి మీదకొస్తుంది. చంపేస్తావా మా వదిన్ని?"

ఈ లూప్ గురించి మీరు కూడా ఎక్కడో వినే ఉంటారు. టెస్టర్ ఆరుతుంది, మానిటర్ కూడా బహుశా బాగుపడుతుంది, అందుకే అది అంత ప్రమాదం. ఎవరైనా మీ ఇంట్లో అలా చేస్తానంటే టీ ఇచ్చి పంపించేయండి.

"గుంత ఎక్కడుంది వదినా?" అని అడిగాడు. ఎవరికీ గుర్తు లేదు. నాన్న మంచం మీంచి కేకేశాడు: "బట్టల బండ పక్కన!"

పెరట్లోకి వెళ్లాం. బట్టల బండ ఇప్పుడు లేదు. అక్కడ సిమెంటు గచ్చు, దాని మీద పూలకుండీలు. ఇల్లు కట్టినప్పుడు ఎర్త్ గుంత తీసింది బండ పక్కనే, కావాలనే. రోజూ బట్టలుతికిన నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు అక్కడే పడి గుంత ఎప్పుడూ తడిగా ఉండేది. ఎర్త్‌కి కావలసింది అదే. మట్టిలో తేమ 20 శాతం కన్నా తగ్గిందంటే దాని నిరోధం గబగబా పెరిగిపోతుంది. తర్వాత ఇంట్లోకి వాషింగ్ మెషిన్ వచ్చింది. దాని నీళ్లు పైపులో నేరుగా వీధి కాలువలోకి పోతాయి. బండ తీసేశారు, గచ్చు చేశారు, పెరడు శుభ్రంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. గుంతకి మాత్రం అప్పట్నుంచి చుక్క నీళ్లు లేవు. వాషింగ్ మెషిన్ తన ఎర్త్‌ని తనే ఎండబెట్టుకుంది!

కుండీలు జరిపి గచ్చు మూల పగలగొడితే పైపు మూతి దొరికింది. ఎర్త్ తీగని బిగించిన క్లాంప్ బాబాయ్ చేతిలో బిస్కెట్టులా విరిగింది. తుప్పు. సరే, పైపైనా బతికుందేమో చూద్దామని ఇంటి వైపు తీగని పక్కకి తీసి, అందర్నీ లోపలికి పంపి, ఫేజ్‌కీ పైపుకీ మధ్య ఒక బల్బు పెట్టాడు. (ఇది మీరెవరూ ఇంట్లో చేయకండి. ఆ పైపు, చుట్టూ మట్టి అప్పుడు కరెంటు మీద ఉంటాయి.) బల్బు వెలగలేదు. బల్బు తీయించి, అమ్మ చేత పది బకెట్ల నీళ్లు పోయించాడు. ఎండిన మట్టి బుసబుసమంటూ తాగేసింది. అరగంటాగి మళ్లీ పెట్టాడు. ఫిలమెంటు ఎర్రగా, నిప్పుకణికలా కనిపించింది, అంతే.

"మట్టి ఒప్పుకుంది, పైపు ఒప్పుకోవట్లేదు" అన్నాడు బాబాయ్. కొత్తది వేయాల్సిందే.

మర్నాడు గుంత తవ్వారు. పైన రెండడుగులు ఎర్రమట్టి, దాని కింద గులక కలిసిన గట్టి నేల. ఇద్దరు మనుషులకి పూట పట్టింది. ఎనిమిది అడుగుల జీఐ పైపు, కింద దాకా చిల్లులు, చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర కళ్లుప్పు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, బొగ్గు కరెంటుకి దారి ఇస్తుంది. పైన గరాటు, ఇనప మూత. ఎర్తింగ్ ఎలా చేయాలో మన దేశంలో ఐఎస్ 3043 అని ఒక ప్రమాణం ఉంది. బాబాయ్ ఆ పేరు వినలేదు. కానీ ఆయన చేసిన పని చూస్తుంటే ఆ పత్రం రాసినవాళ్లకి ఆయన పరిచయస్తుడే అనిపించింది. నేను ఉప్పు బస్తా మోసుకొచ్చా. నా బీటెక్ ఆ రోజు అందుకు పనికొచ్చింది.

భూమిని కరెంటుకి దారిగా వాడొచ్చని కనిపెట్టింది 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే ఆయన. టెలిగ్రాఫ్‌కి రెండు తీగలు ఎందుకు, వెనక్కి రావడానికి నేల చాలు అని తేల్చాడు. అంటే మనుషులు తెరలు కనిపెట్టడానికి చాలా ముందే, మట్టిని కూడా సర్క్యూట్‌లో కలిపేశారు. నా రెజ్యూమెలో ఫుల్ స్టాక్ అని ఉంటుంది. స్టాక్ అడుగున ఎర్రమట్టి ఉంటుందని మాత్రం ఏ కోర్సులోనూ చెప్పలేదు.

కొత్త రాగి తీగ లాగి కలిపాక మల్టీమీటర్ పెట్టా. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 1.4 వోల్టులు. అమ్మ చెప్పుల్లేకుండా ఫ్రిజ్ తలుపు తీసి, మూసి, మళ్లీ తీసింది. "ఏం లేదే!" అంది, ఏదో పోగొట్టుకున్నట్టు. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ అంత తేడా వస్తే, అంటే మధ్యలో ఎవరి ఒంట్లోంచైనా పోతోందంటే, కన్నుమూసి తెరిచేలోగా కొట్టేస్తుంది. దాని ధర ఒక మామూలు ఇయర్‌బడ్స్ జత కన్నా ఎక్కువేం కాదు. మీ ఇంట్లో ఉందో లేదో బోర్డు తెరవకుండానే తెలుస్తుంది. పైన "టి" అనే చిన్న బటన్ కనిపిస్తే ఉన్నట్టే. నెలకోసారి దాన్ని నొక్కి, కరెంటు పోతుందో లేదో చూసుకోండి. బోర్డు లోపల చేయి పెట్టే పని మాత్రం తెలిసినవాళ్లకే వదిలేయండి.

మానిటర్ సంగతి? ఫ్రిజ్‌కి ఆరడం ఆగిపోయింది. బోరు మోటారుకి కూడా ఆగింది. ఇంకో చిన్న రోగం మిగిలింది: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో తెర ఆరేది. అది వేరే కథ. మా ఇన్వర్టర్‌కి వెనకవైపు ఒక మీట ఉంటుంది, మామూలు, యూపీఎస్ అని. మామూలులో ఉంటే అందుకోవడానికి కాస్త ఎక్కువ టైమ్ తీసుకుంటుంది. ఫ్యాన్లకి తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. యూపీఎస్ వైపు తిప్పా, అయిపోయింది. నోట్‌బుక్‌లో తర్వాతి పది రోజుల గడులు ఖాళీ.

ఆ శుక్రవారం డెమో నలభై నిమిషాలు సాగింది. అయ్యాక మేనేజర్ "నెట్ మార్చినట్టున్నావ్, బాగుంది" అన్నాడు. ఎర్త్ గుంత, బొగ్గు, కళ్లుప్పు, బట్టల బండ ఇవన్నీ ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక, అవునన్నా.

గరాటులో నీళ్లు పోసే డ్యూటీ ఇప్పుడు నాన్నది. ఫిజియోథెరపీ ఆమె రోజూ వంద అడుగులు నడవమంది. మంచం నుంచి పెరటి గుంత దాకా పోయి వస్తే సరిగ్గా సరిపోతుంది. చెంబు మేం ముందే అక్కడ పెడతాం. ఆయన వాకర్ పక్కన పెట్టి, గోడ పట్టుకుని, వంగకుండా పోస్తాడు. ఎండాకాలమంతా రోజూ, వానలు పడ్డాక మానేయొచ్చని బాబాయ్ చెప్పాడు. నాన్న మానేలా లేడు.

మా గుంత సంగతి వీధంతా తెలిసింది. ఎదురింటి అత్తయ్య వచ్చి, "మా గ్రైండర్ కూడా చిమచిమలాడుతుంది నాన్నా, ఓసారి చూస్తావా" అంది. టెస్టర్ తీసుకుని వెళ్లా. గ్రైండర్‌కి పెడితే వెలిగింది. ఫ్రిజ్‌కీ వెలిగింది. గుంత ఎక్కడుందని అడిగా. ఆవిడ పెరట్లోకి వెళ్లి, కొత్తగా వేయించిన గచ్చు వంక చాలాసేపు చూసింది. ఆదివారం బాబాయ్ వస్తానన్నాడు.